తెర మీద నర్మద

ఏజెంట్ బాలస్వామిని దోహాలో ఒక లిఫ్టులో కాల్చేశారు. ఏజెంట్ పరమేశ్వర్‌ను ముంబైలో, తన ఫ్లాటు తలుపు తీస్తుండగా. వాళ్ల దొంగ పేర్లు, దొంగ అడ్రసులు డిపార్ట్‌మెంట్ దాటి ఒక్కరి చెవిన మాత్రమే పడే అవకాశం ఉంది. ఇద్దరికీ ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఇచ్చిన సీనియర్ థెరపిస్ట్, డాక్టర్ నర్మద.

"నా అనుమానం ఆమె మీదనే," అన్నాడు చీఫ్ రాజశేఖర్. బడంగ్‌పేట్‌లో మినరల్ వాటర్ ప్లాంట్ బోర్డు వెనకాల ఉంది ఆ ఆఫీసు. "నువ్వు పేషెంట్ లెక్క పోవాలె, జాకబ్."

"నాకేం రోగం సార్?"

"మహిధర్."

మహిధర్ జాకబ్ పార్ట్‌నర్. ఒక విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసిన ఏకైక సాక్షి స్తుతిని ఇద్దరూ పడవలో తప్పిస్తుండగా, మహిధర్ తూటా తగిలి సముద్రంలో పడిపోయాడు. శవం దొరకలేదు. స్తుతి బతికింది. ఆమెను కందుకూరులో తన మేనత్త టమాట తోటలో కూలీగా దాచాడు జాకబ్. చోటు చీఫ్‌కు కూడా చెప్పలేదు.

"ముఠాకు కావాల్సింది స్తుతి. ఆమె యాడుందని ఎవరన్న అడిగితే శేరిగూడ హాస్టల్ అని చెప్పు. ఆడ మనోళ్లుంటరు. నీ వాచీ బటన్ నొక్కితే మాకు తెలుస్తది, చాలు."

జాకబ్ ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక ఒక మేడ మీద గది తీసుకున్నాడు. సెలవులో ఉన్న ఇంజినీరింగ్ లెక్చరర్ వేషం. ల్యాప్‌టాప్ సెట్ చేయడానికి సైబర్ వింగ్ నుంచి వైశాలి వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర కారు. ఆమె దిగేసరికి కింద మొబైల్ షాపులో బేరాలు ఆగిపోయాయి.

"లైన్ మస్తు సేఫ్ అన్నా. ఫికర్ చెయ్యకు," అని నవ్వి వెళ్లింది.

మొదటి సెషన్‌లో కాస్త దొంగ ఏడుపు ఏడుద్దామని కూర్చున్నాడు మన గూఢచారి. తీరా చూస్తే అసలుదే వచ్చింది.

"కిటికీ కాడ నిలవడతడు డాక్టర్. తడిసిన అంగీ. నీళ్లు కారుతుంటయ్. నేల మాత్రం తడవదు."

"ఏమైనా అంటారా?"

"అనడు. చూస్తడు. గదే తట్టుకోలేకపోతున్న."

తెర మీద నర్మద ఇంకేమీ అడగలేదు. నెరిసిన జుట్టు, నూలు చీర, కదలని కళ్లు. పేర్లు, ఊర్లు తనకు అవసరం లేదని ముందే చెప్పేసింది. అతను ఆగిపోతే ఆమె కూడా ఆగేది. తొందరపెట్టేది కాదు, ఓదార్చేది కాదు. ఆ నిశ్శబ్దంలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అందులోంచే జాకబ్‌కు మాటలు వాటంతటవే వచ్చేవి. వారాలు గడిచాయి. అనుమానితురాలి మీద నిఘా పెట్టాల్సినవాడు ఆమె సెషన్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

చెవుల్లో ఇయర్‌ఫోన్లతో అతను ఏడుస్తుంటే ఇంటి ఓనరు ప్రేమమ్మకు గుబులు పుట్టింది. "సారూ, ఒక్కనివే ఎవరితోని మాట్లాడుతున్నవ్? మా పాస్టరును పిలువాల్నా?"

ఒక మంగళవారం మధ్యాహ్నం అసలు మాట బయటికొచ్చింది.

"ఒక్క చెయ్యే ఖాళీ ఉండె డాక్టర్. వాడు పడంగనే ఆ పిల్ల గూడ నీళ్లల్ల పడ్డది, ఇద్దరు మునుగుతున్నరు. నేను ఆ పిల్లను పట్టుకున్న. వాడు చూసుకుంటనే పోయిండు."

జాకబ్ ఆగిపోయాడు.

"బాధపడకండి జాకబ్," అంది నర్మద వెంటనే. "తప్పు మీది కాదు. ఆ అమ్మాయి క్షేమంగా ఉందా? ఎక్కడుందో చెప్పండి, మనసు తేలికవుతుంది."

తప్పు మీది కాదు. ఆ మాట కోసం అతను ఎంత అలమటించాడో అతనికే తెలుసు. గుండె కరిగిపోయింది. కందుకూరు అనే పేరు నాలుక చివరికి వచ్చేసింది.

కిటికీ దగ్గర మహిధర్ చూస్తున్నాడు.

జాకబ్ పళ్లు బిగించాడు. ఏమీ మాట్లాడకుండా తెరను చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పండి జాకబ్. నేను వింటున్నాను. ఏడవకండి. చెబితే బరువు తగ్గుతుంది."

మళ్లీ ఆగాడు. మళ్లీ మాటలు వచ్చాయి. అదే ముఖం, అదే గొంతు, అదే చీర. ఊరుకోవడం మాత్రం రావడం లేదు.

ఈమె నర్మద కాదు. ఎవరో లైన్ మార్చారు. ఈ ల్యాప్‌టాప్‌ను ముట్టుకున్నది ఒక్క మనిషే. లైన్ మార్చాలంటే దగ్గర్లోనే ఉండాలి.

వాచీ బటన్ నొక్కాడు. "శేరిగూడ. కాలేజీ వెనక లేడీస్ హాస్టల్," అని ఏడుపు గొంతుతోనే చెప్పి, రెండేసి మెట్లు దూకుతూ కిందికి పరిగెత్తాడు.

సందు మలుపులో ఎర్ర కారు. డోరు లాగేసరికి వైశాలి పిస్టల్ ఎత్తింది. ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకునేలోగా ఆ మణికట్టును జాకబ్ విరిచేశాడు. తూటా కారు టాపును చీల్చుకుని పోయింది. ఆమె ఒడిలో ల్యాప్‌టాప్. దాని మీద నర్మద ముఖం ఇంకా పెదవులు ఆడిస్తోంది. "బాధపడకండి జాకబ్... బాధపడకండి..."

లైన్ వింటున్న ఇద్దరు హంతకులు శేరిగూడలో పిస్టళ్లతో సహా దొరికారు. సాయంత్రానికి వైశాలి, తాను ముఠాకు అమ్ముడుపోయిన సంగతితో సహా, అన్నీ ఒప్పుకుంది. అసలు నర్మద సెషన్లను దొంగచాటుగా రికార్డు చేసి, వాటితోనే కంప్యూటర్‌లో ఆ నకిలీ నర్మదను తయారుచేశారు. బాలస్వామి, పరమేశ్వర్ కొత్త పేషెంట్లు, తేడా పట్టలేకపోయారు.

"మరి యాడ దెబ్బతిన్నరు?" అన్నాడు చీఫ్.

"రికార్డింగుల్ల ఎవ్వరు మాట్లాడని జాగలన్ని కట్ చేసినం సార్," అంది వైశాలి తల దించుకుని. "వేస్ట్ అనుకున్నం."

ఆమెను తీసుకెళ్లాక చీఫ్, జాకబ్ ఇద్దరే మిగిలారు. స్తుతి కోర్టులో సాక్ష్యం చెప్పేదాకా బతుకుతుంది, ఆ సంగతి ఖాయమైంది. సెషన్ల రిపోర్టు ఉన్న ఫైలు మూశాడు చీఫ్. లేవలేదు.

"మహిధర్ నీ గదిల కిటికీ కాడ నిలవడతడన్నవ్ గదా?"

"అవ్ సార్."

"నా కార్ల వెనక సీట్ల కూసుంటడు." రాజశేఖర్ గొంతు సవరించుకుని ఫోను ముందుకు తోశాడు. "ఆ డాక్టరమ్మ నంబరు జర దీంట్ల కొట్టు. అసలామెదే కొట్టు, మళ్ల."