ఫైలు పైన చెరిగిన పేరు

లెక్కల మాస్టారు డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చి కూర్చున్నారు. అసిస్టెంటు ఇచ్చిన మంచినీళ్ళు గటగటా తాగేసి, ఇంట్లోనే దొంగ ఉన్నాడని, ఆ దొంగ తన సొంత అల్లుడేనని బయటపెట్టారు.

సంగతేమిటంటే, రిటైరయ్యాక ఆయన, అల్లుడు కలిసి చూపులేని పిల్లలకు పాఠాలు చదివి వినిపించే ప్రోగ్రాం రాసి, అలాంటి పిల్లల బడికిచ్చారు. లెక్కల భాగం మాస్టారిది. అక్షరాలను పలికించే భాగమూ, పాఠం మారినప్పుడు మోగే గంట చప్పుళ్ళూ అల్లుడు ఇంటర్నెట్‌లోంచి తెచ్చాడు. పలికించే భాగం రాసిన పెద్దమనిషి ఎవరైనా వాడుకోవచ్చన్నాడు; కాకపోతే తన పేరుంచాలి, దాంతో తయారైనదాన్ని కూడా అందరికీ అంతే స్వేచ్ఛగా ఇవ్వాలి. అదీ ఆయన లైసెన్సు. ఇప్పుడాయన బడికి ఫోన్ చేసి, తన పేరు ఏమైందని, ‘కాపీ చేయరాదు’ అని ఎలా పెట్టారని నిలదీశాడు. దాంతో బడివాళ్ళు ప్రోగ్రాం వద్దన్నారు. మాస్టారు ఆ బడిలోనే, టీచర్లైన తన పాత శిష్యుల ముందే, అల్లుణ్ణి దొంగన్నారు. కూతురు భర్తను తీసుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

"అల్లుడేమన్నాడు?" అంది డిటెక్టివ్. నడివయసు మనిషి, గొంతు పెంచదు.

"ఏమంటాడు? తలొంచుకున్నాడు. తప్పు చేసినవాడు ఇంకేం చేస్తాడమ్మా?"

ఆవిడ మాస్టారింటికి వెళ్ళి ఫైళ్ళన్నీ తెరిచింది. ఏ ఫైలు పైనా ఎవరి పేరూ లేదు. బడికిచ్చిన కాపీని ముస్తాబు చేసింది తానేనని మాస్టారు చెప్పారు. అక్కర్లేని ముక్క ఒక్కటి కూడా ఉండనివ్వరట, అదీ తన పద్ధతట. అల్లుడే దొంగని అసిస్టెంటు తేల్చేశాడు. ఆవిడ నవ్వి, అల్లుడి కంప్యూటర్ కూడా చూడాలంది.

మర్నాడు కూతుర్నీ అల్లుణ్ణీ కూడా పిలిపించి, మాస్టారింట్లోనే అందర్నీ కూర్చోబెట్టింది.

"దొంగైతే పరాయివాడి పేరు చెరుపుతాడు. మాస్టారి ఫైళ్ళ మీద మాస్టారి పేరెందుకు చెరుపుతాడు?"

అసిస్టెంటు నోరు తెరిచాడు. ఆవిడ అల్లుడి కంప్యూటర్లోని కాపీ చూపించింది. అందులో ప్రతి ఫైలు పైనా పేర్లూ షరతులూ భద్రంగా ఉన్నాయి. మెషీను పట్టించుకోని లైన్లు కదా అని మాస్టారే వాటిని చెత్తనుకుని తీసేశారు. ఆ చెత్తే లైసెన్సు. పైగా దర్జాగా ఉంటుందని వేరే ప్రోగ్రాంలోంచి ‘కాపీ చేయరాదు’ తెచ్చి అతికించారు. ఆ రెండు షరతులూ పొసగవని, ప్రోగ్రాం మొత్తానికీ ఆ పెద్దమనిషి లైసెన్సే పెట్టాలని ఆవిడ చెప్పింది. గంట చప్పుళ్ళిచ్చినవాళ్ళు పేరుంటే చాలన్నారు కాబట్టి అవి అందులో ఇమిడిపోతాయి.

మాస్టారికి తల తీసేసినట్టయింది. తప్పు ఒప్పుకోలేదని ఎంతమందిని బెంచీ ఎక్కించారో ఆయన!

"నీకు ముందే తెలుసా?" అని అల్లుణ్ణి అడిగారు.

"ఆ రోజే తెలుసు మామయ్యా."

"మరి చెప్పలేదేం?"

"అక్కడ మీ స్టూడెంట్లున్నారు."

కూతురు ముఖం తిప్పుకుంది. మాస్టారు అక్కడికక్కడే ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి, పేరు తీసేసింది మా అల్లుడు కాదండీ, నేనేనని చెప్పారు. తర్వాత, బడికి వెళ్దాం, వాళ్ళ ముందే చెప్తానని లేవబోయారు. అల్లుడు గబుక్కున చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఆయనకు ముఖం చెల్లలేదు.