పద్మలత ఉలి పట్టింది

"ఆ ఉలి కింద పెట్టు పద్మా! పెడుతవా, లేదా!"

అత్త అండాలమ్మ అరుపుకు పక్క వాటా వాళ్లు కూడా కిటికీలు తెరిచారు. పడకగది గుమ్మం దగ్గరే ఆగిపోయింది ఆవిడ. లోపల చెక్కపొట్టు మధ్యలో, కొంగు నడుముకు బిగించి కూర్చుని ఉంది పెద్దకోడలు పద్మలత. ఆమె చేతిలో ఉలి! కిందటేడు గుండెపోటుతో పోయిన భర్త శైలేందర్ ఉలి!

వడ్రంగుల ఇల్లు అది. ఆ ఇంటి ఆడవాళ్లు దసరా నాడు పనిముట్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి దండం పెట్టుకుంటారు. అంతే! మిగతా ఏడాదంతా వాటిని ముట్టకూడదు. ఇక భర్త పోయిన ఆడదానికి ఆ బొట్టు పెట్టే భాగ్యం కూడా లేదట... ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, పెట్టింది మాత్రం ఆడది కాదు.

"పెట్టను అత్తమ్మా," అంది పద్మలత తల ఎత్తకుండానే. "పెండ్లయిన సంది మీ కొడుకు ఒక్కటే మాట... నీకు మంచి డ్రెస్సింగ్ టేబుల్ చేసిస్త పద్మా అని! ఎల్బీ నగర్ల ఎందరి ఇండ్లల్ల చేసిండు! నా ఇంట్ల మాత్రం చేస్త చేస్త అనుకుంటనే పోయిండు. ఇగ నేనే చేసుకుంట."

"నీకు అద్దమెందుకే ఇప్పుడు?"

ఆ మాట సూటిగా వచ్చి గుండెలో దిగింది. పద్మలత కళ్లు నిండాయి. అయినా ఉలి మీద సుత్తి దెబ్బ ఆగలేదు!

నిన్న సంవత్సరీకం భోజనాలయ్యాక, చేతులు కడుక్కుంటూనే మరిది శేఖర్ విషయం బయటపెట్టాడు. కులవృత్తి వదిలేసి ప్లాట్లు అమ్ముకునే శేఖర్‌కు ఏ గజం జాగా చూసినా కిరాయే కనపడుతుంది. "వదినా, దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ పిల్లలకు రూములు దొరుకుత లేవు. వచ్చే నెల కొత్త బ్యాచ్ వస్తది, నీ రూంల రెండు మంచాలేసి ఇద్దరికి ఇద్దాం. నువ్వొక్కదానివే గదా... అమ్మతో హాల్ల పండు," అన్నాడు. అడగలేదు, చెప్పాడు! భర్త పోతే ఆడదానికి గది కూడా పోతుందా? రాత్రి తలుపు మూసుకుని ఏడ్చుకునే చోటు కూడా మిగలదా?

మంచం కింద శైలేందర్ ఏనాడో కొని ఆరబెట్టిన టేకు పలకలున్నాయి. పొద్దున్నే వాటిని బయటకు లాగింది పద్మలత. పని ఆమెకు కొత్త కాదు. భర్త ఇంటికి పని తెచ్చుకున్నప్పుడల్లా పలక రెండో కొస పట్టుకున్నదీ, గీతలు గీసిందీ, పాలిష్ రుద్దిందీ ఆమే. పట్టుకోవడానికి పనికొచ్చిన చేతులు కొయ్యడానికి మాత్రం పనికిరావా?

అలా మొదలైన పని వారాల తరబడి సాగింది. పగలు చీరల దుకాణంలో ఉద్యోగం, సాయంత్రం గదిలో రంపం. అరచేతులు బొబ్బలెక్కాయి... ఒకసారి ఉలి జారి బొటనవేలు తెగింది. పసుపు అద్దుకుని మళ్లీ కూర్చుంది. అండాలమ్మ మాట్లాడటం మానేసింది. తోటికోడలు మృదుల మాత్రం రోజూ గుమ్మం దగ్గర ఆగి ఒక చురక అంటించనిదే కదిలేది కాదు.

"గింత ముస్తాబు ఎవరి కోసమక్కా?"

"నా కోసం!" అంది పద్మలత. మృదుల మూతి తిప్పుకుని వంటింట్లోకి నడిచింది.

చివరికి పూర్తయింది! గోడ పొడవునా ఒకే బల్ల, దాని కింద వరసగా సొరుగులు, పైన నిలువెత్తు అద్దం. మేకు ఒక్కటి లేదు. పలకల కొసల్లో నాలుకల్లాంటి కుసులు చెక్కి, ఎదుటి పలక బెజ్జాల్లో దిగగొట్టి, బంకతో బిగించింది. పాలిష్ ఆరిన రోజునే శేఖర్ ఇద్దరు కూలీలను వెంటబెట్టుకొచ్చాడు.

"మంచిగనే చేసినవు వదినా. గిప్పుడు హాల్లకు జరుపుదాం. రేపు పిల్లలొస్తున్నరు."

పద్మలత పక్కకు తప్పుకుంది. అద్దం ఊడదీసి, బల్లను ఎత్తారు. నిలబెడితే గుమ్మం పై చట్రానికి తగిలింది. పడుకోబెట్టి తోస్తే, బయటి ఇరుకు నడవలో ఎదురు గోడకు కొట్టుకుని మలుపు తిరగలేదు. వాలుగా పట్టారు, వెనక్కి లాగారు, చెమటలు కక్కారు... ఊహూ! మళ్లీ గదిలోకే తోశారు.

శేఖర్ పకపకా నవ్వాడు. "అయ్యో వదినా! దర్వాజ కొలత చూసుకోకుండనే చేసినవా? గందుకే గీ పని ఆడోళ్లది కాదన్నరు!"

"కొలత చూసుకున్న శేఖర్," అంది పద్మలత నెమ్మదిగా. "దర్వాజ కొలిచిన, బయట సందు కొలిచిన... గప్పుడే పలక కోసిన. అది గీ రూం ఇడిసిపెట్టి పోదు. నేను గూడ పోను!"

శేఖర్ నవ్వు ఆగిపోయింది. మొహం జేవురించింది. మూలనున్న రంపం అందుకున్నాడు. "పోకపోతే రెండు ముక్కలు చేస్త!"

"చెయ్యి!" అంది పద్మలత. "మీ అన్న కొన్న టేకు, మీ అన్న రంపం! కొయ్యి, నేను చూస్త!"

"రంపం కింద పెట్టు శేఖర్!"

అండాలమ్మ! ఇన్ని వారాలుగా గుమ్మం దాటి అడుగుపెట్టని మనిషి, కొడుకును పక్కకు నెట్టి లోపలికి వచ్చింది. గోడకు ఆనించిన అద్దం ముందు ఆగింది. తన ముఖాన్ని తాను చూసుకుంది... చాలాసేపు చూసుకుంది.

"మీ నాయిన పోయినంక గీ రూంల కెల్లి నేనే బయటికొచ్చిన," అంది మెల్లగా. "పొమ్మని ఎవ్వరన్లే. ఉండుమని గూడ ఎవ్వరన్లే! గప్పటి సంది గోడ దిక్కు తిరిగి తల దువ్వుకుంటున్న... ఇంత ముసలైనట్టు గూడ నాకు తెల్వది బిడ్డా!"

"అమ్మా, అట్ల కాదు..."

"నువ్వూకో! కిరాయికి ఇయ్యాలంటే నీ రూం ఇచ్చుకో. హాల్ల నువ్వు, నీ పెండ్లాం పండుండ్రి. నా కోడలు గీ రూంల్నే ఉంటది. నేను గూడ ఈడికే వస్తున్న!"

శేఖర్ రంపం వదిలేసి, తల దించుకుని వెళ్లిపోయాడు. కూలీలు అద్దం మళ్లీ బిగించి వెళ్లారు. అండాలమ్మ హాల్లోకి వెళ్లి, కిటికీ మీద ఎన్నో ఏళ్లుగా పెట్టుకుంటున్న తన దువ్వెన, కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది. మొదటి సొరుగు లాగి చూసింది. అందులో పద్మలత సామాన్లున్నాయి.

"ఖాళీ చేసిస్త అత్తమ్మా!" అంటూ గబగబా వంగింది పద్మలత. అంతవరకు ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఖాళీ ఎందుకే పిచ్చిదానా!" అంటూ అండాలమ్మ కోడలి దువ్వెన పక్కనే తన దువ్వెన పెట్టింది.