సున్నా చేసిన నొప్పి

దీపం ఎర్రగా వెలిగింది. నిజానికి వెలగకూడదు. నూకరాజు కిందపడలేదు, ఎవరూ అతన్ని తన్నలేదు, బంతయితే ఇంకా సంచీలోంచి బయటికే తీయలేదు. అతను గోల్‌పోస్టు పక్కన నిలబడి, చెవి వెనక అంటించిన బిళ్ళని గోక్కుంటూ, "అయిపోయిందాండీ? తీసెయ్యమంటారా?" అని అడుగుతున్నాడు.

డాక్టర్ హైమవతి చేతిలో టాబ్లెట్ చూసింది, అతని భుజం మీది దీపం చూసింది. "మెషిన్ పాడైనట్టుంది," అని గొణుక్కుని బిళ్ళ మార్చింది. కొత్తది అంటించీ అంటించగానే మళ్ళీ ఎరుపే.

చుట్టూ ఉన్న ఆటగాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వరూ మరి! నొప్పి నటించేవాళ్ళని పట్టుకోడానికని కనిపెట్టిన మెషిన్ అది. దాన్ని విశాఖపట్నంలో మొట్టమొదట అంటించింది లీగ్ మొత్తానికీ పేరుమోసిన నటుడికి. అదేమో, ఊరికే నిలబడ్డవాడికి నొప్పి ఉందంటోంది.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. మిగతావాళ్ళు ఎవరు పడిపోయినా పక్కకి తీసుకెళ్ళి ఆట సాగించొచ్చు గానీ, గోల్‌కీపర్ పడితే ఆపాల్సిందే. కాపలా లేని గోల్‌లోకి బంతి కొట్టించడం న్యాయం కాదు కదా. అతనికి చికిత్స జరుగుతున్నంతసేపూ మిగతా పదిమందీ కోచ్ దగ్గరికి పరిగెత్తి, నీళ్ళు తాగి, కొత్త ఎత్తుగడ చెప్పించుకుని, తాపీగా వచ్చేవాళ్ళు. అవతలి జట్టు ఊపు కాస్తా చల్లారిపోయేది. హార్బర్ ఎలెవన్ జట్టులో ఆ పడే పని నూకరాజుది. కోచ్ ఫ్రాన్సిస్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారంటే, ఇతను ఎడమ పిక్క పట్టుకుని "అమ్మో" అంటూ కూలబడాలి. పదకొండేళ్ళుగా ఇదే తంతు. జనం ఊరుకుంటారా? డ్రామా రాజు అని పేరు పెట్టేశారు. అతను బస్సెక్కినా ఎవడో ఒకడు పిక్క పట్టుకుని కుంటుతూ దారిచ్చేవాడు. నూకరాజు అందరితో పాటూ నవ్వేసేవాడు గానీ, ఇంటికెళ్ళాక అన్నం సహించేది కాదు.

హైమవతి మెషిన్ దీనికి మందు. నొప్పి అనేది దెబ్బ తగిలినచోట తెలియదు. అక్కణ్ణించి నరాల వెంట కబురు వెళ్ళి, మెదడు అందుకుంటేనే మనకి తెలుస్తుంది. బిళ్ళ ఆ కబురుని పసిగట్టి భుజం మీది దీపం వెలిగిస్తుంది. మనిషి అరుపులతో, మెలికలతో దానికి పని లేదు. పడినవాడి దీపం వెలిగితే ఆట ఆపుతారు. వెలక్కపోతే ఆట ఆగదు సరికదా, ఆ జట్టు రెండు నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడాలి. నిబంధన బ్రహ్మాండంగా ఉందని పేపర్లన్నీ మెచ్చుకున్నాయి.

హైమవతి నూకరాజుని డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి తలుపు వేసింది.

"ఎక్కడ నొప్పి?"

"ఎక్కడా లేదండి."

"మీరు నాతో అబద్ధం చెప్పగలరు నూకరాజు గారూ. బిళ్ళతో చెప్పలేరు."

అతను గ్లవ్స్ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కుడి తుంటండి. నాలుగేళ్ళయింది."

"మరి ఎడమ పిక్క పట్టుకుని పడతారేం?"

"తుంటి పట్టుకుంటే నిజం తెలిసిపోదాండీ? టీమ్‌లో ఉంచుతారా?"

హైమవతి టాబ్లెట్ పక్కన పెట్టేసింది. నిజంగా దెబ్బ తగిలినవాణ్ణి కూడా ఎవరూ నమ్మడం లేదనే బాధతో ఆవిడ అయిదేళ్ళు కష్టపడి ఆ మెషిన్ చేసింది. లేని నొప్పి ఉందనే వాళ్ళ గురించే ఆలోచించింది తప్ప, ఉన్న నొప్పి దాచుకునేవాడు దొరుకుతాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. స్కాన్ తీయించింది. తుంటి కీలు అరిగి ఎముక పలచబడిపోయింది. "ఆపరేషన్ చేయించుకుంటే నడుస్తారు, ఆడలేరు. ఆడితే మాత్రం, ఒక్కసారి గట్టిగా పడ్డారంటే విరుగుతుంది. ఆ తర్వాత నడక సంగతి నేను చెప్పలేను," అని, నొప్పి తగ్గడానికి కొన్ని వ్యాయామాలు చెప్పి పంపింది.

ఇంట్లో పైడితల్లి మంచం అంచున కూర్చుని అంతా విని, మొగుడి వైపు తిరిగింది. "నాలుగేళ్ళా? పక్కన పడుకున్న మనిసిని, నాతోనైనా సెప్పాలనిపించలేదేటి నీకు?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది అతనికి.

"ఫైనల్ ఒక్కటీ ఆడీసి ఆపీత్తానే. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి ఫైనల్‌కి రావడం. డ్రామా రాజుగా ఇంటికి రాలేను నాను."

కానీ అతని దీపంతో పెద్ద చిక్కొచ్చి పడింది. "ఆయనకి ఎప్పుడూ ఎరుపే. ఎప్పుడు కావాలంటే అప్పుడు పడతాడు, మెషిన్ ఔనంటుంది. ఇదెక్కడి న్యాయం?" అని అవతలి జట్లు గోల పెట్టాయి. పరీక్షిస్తే అతనొక్కడే కాదు, లీగ్‌లో సగం మంది దీపాలు నిలబడ్డచోటే వెలిగాయి. మోకాలొకడికి, నడుమొకడికి, మడమొకడికి. అందరూ దాచుకున్నవాళ్ళే. కమిటీ కూర్చుని ఒక మార్గం కనిపెట్టింది. మ్యాచ్‌కి ముందు ఎవరికెంత నొప్పి ఉంటే అంతా సున్నా కింద లెక్క. ఆ పైన పెరిగితేనే దీపం.

"తట్ట బరువు తీసేసి చేపలు తూచినట్టన్నమాట," అన్నాడు నూకరాజు.

"నేను ఒప్పుకోలేదు. సున్నా చేస్తే నొప్పి పోదు, కనబడకుండా పోతుంది. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు," అంది హైమవతి.

ఫైనల్ రోజు పొద్దున్న ఫ్రాన్సిస్ మాస్టారు నూకరాజుని పక్కకి పిలిచారు. ఫిజియో కోటేశు సిరంజితో సిద్ధంగా ఉన్నాడు.

"సున్నా చేసేముందు తుంటి మొద్దుబారేలా ఇంజెక్షన్ చేస్తాం. నొప్పి ఉండదు, కాబట్టి సున్నా దగ్గర సున్నాయే పడుతుంది. సెకండ్ హాఫ్ చివర్లో మందు దిగిపోతుంది. నొప్పి తిరిగొస్తుంది, దీపం వెలుగుతుంది. సరిగ్గా మనకి కావాల్సిన టైమ్‌కి."

"మోసం కాదా మాస్టారూ?"

"ఇందులో అబద్ధం ఏముందిరా? నీ నొప్పి నిజం. అది వచ్చే టైము మాత్రం మనం పెడుతున్నాం."

నూకరాజు నిక్కరు కాస్త కిందకి జరిపాడు.

సున్నా చేసేటప్పుడు హైమవతి టాబ్లెట్ చూసి ఆశ్చర్యపోయింది. "నొప్పి అస్సలు లేదే! ఇంజెక్షన్ గానీ చేయించుకున్నారా?"

"లేదండి. మీరు చెప్పిన వ్యాయామాలు చేశానండి."

ఆవిడ మొహం వెలిగిపోయింది. మెషిన్ చెప్పాక ఆవిడ ఇంకేం అడుగుతుంది? పదకొండేళ్ళు వేలమంది ముందు అబద్ధం ఆడినా కదలని మనిషికి, ఆ ఒక్క మొహం చూసేసరికి సిగ్గేసింది.

మ్యాచ్ బాగా సాగింది. హార్బర్ ఎలెవన్ ఒక గోల్ ముందుంది. చివరి పావుగంటలో హైదరాబాద్ జట్టు మీద మీదకి వచ్చేసింది. మనవాళ్ళకి కాళ్ళు ఆడటం లేదు. మాస్టారు కళ్ళజోడు తీశారు. తుంటిలో సన్నగా సలుపు మొదలైందని నూకరాజుకి తెలుస్తూనే ఉంది గానీ, అప్పటికే బంతి గాల్లో ఉంది. కుడి మూలకి వెళ్తోంది. పడితే విరుగుతుందన్న హైమవతి మాట గుర్తొచ్చింది. అయినా దూకాడు. వేళ్ళ చివర్లతో బంతిని బయటికి తోసి, మనిషి మొత్తం కుడి తుంటి మీద పడ్డాడు.

లోపల ఏదో పుటుక్కుమంది. ఆ చప్పుడు అతనికొక్కడికే వినబడింది.

దీపం భగ్గున వెలిగింది. రెఫరీ ఈల ఊదాడు. "లెగరా డ్రామా రాజూ!" అని అరవబోయిన గొంతులు ఆ ఎరుపు చూసి ఆగిపోయాయి. "అయ్యో, నిజమేరా," అన్నారెవరో. "పాపం, చూడండ్రా," అన్నారు ఇంకెవరో. గేలరీలో ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. గీత అవతల కమిటీ ప్రెసిడెంట్, టాబ్లెట్ పట్టుకున్న హైమవతి చెయ్యి పట్టుకుని ఊపి మరీ అభినందిస్తున్నాడు.

కోటేశు సంచీతో నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఐస్ ప్యాక్ మూత తాపీగా విప్పుతూ, "తొందరేం లేదన్నా, పడుకో," అన్నాడు. వెనకాలే లెఫ్ట్ బ్యాక్ ఆడే అప్పడు వచ్చి వంగాడు. నూకరాజుకి స్వయానా మేనల్లుడు.

"టైమంటే టైమే మావా! మాస్టారు ఇంకో రెండు నిమిసాలు కావాలంతన్నాడు."

"అప్పడూ... ఇరిగిపోనాదిరా. లెగలేను."

"అదీ! అలాగే అను. రెఫరీ ఇటే సూత్తన్నాడు," అని కన్ను గీటి, అప్పడు నీళ్ళు తాగడానికి పరిగెత్తాడు.

నూకరాజు అతని చొక్కా పట్టుకోబోయాడు, అందలేదు. "కోటేశూ, నిజంగా..." అన్నాడు. కోటేశు నవ్వాపుకుంటూ తల ఊపాడు. గేలరీలో వేలమంది ఊపిరి బిగబట్టి, డ్రామా రాజుకి ఏమైందోనని నిలబడి చూస్తున్నారు. అతని జట్టు పదిమందీ అతనికి వీపు పెట్టి, మాస్టారు చెప్పేది వింటున్నారు.