బేస్ ఫ్రీక్వెన్సీ యాభై

ఆదివారం ఉదయం కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటలో మోటారు డ్రైవ్‌ల మెకానిక్ కృపాదానం శవం తేలింది. కరెంటు షాక్ అని ఊళ్ళో అనుకున్నారు. మెడ వెనక సూది గుర్తు ఉందన్న మాట డాక్టరు ఒక్కరికే చెప్పాడు. ఆ ఒక్కరి పేరు కామాక్షయ్య.

సోమవారం వెంకటాచలం హైవే పక్కన, రొయ్యల మేత దుకాణం వెనక గదిలో, చీఫ్ కామాక్షయ్య ఎదురుగా ఏజెంట్ పెంచల్ కూర్చున్నాడు.

"కృపాదానం మనవాడు. వాళ్ళు కనిపెట్టేశారు. మిగిలిన పని నువ్వు పూర్తి చెయ్యాలి" అన్నాడు చీఫ్.

బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. కోటలో జయరామయ్య వర్క్‌షాపు ఉంది. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లకు రెక్కలు చేసుకునే అమాయకుడు ఆయన. ఎగుమతి వ్యాపారినంటూ విక్టర్ అనే విదేశీయుడు ఆ షెడ్డులో లోహాన్ని చెక్కే కొత్త సీఎన్‌సీ మెషీన్ దింపాడు. తీరంలోని రాడార్ స్టేషన్‌లో బేరింగ్‌కు తొడుగులా ఉండే హౌసింగ్ డ్రాయింగు అతని దగ్గరుంది. లోపల ట్రాన్స్‌మిటర్ పట్టేట్టు ఒక నకిలీ హౌసింగ్ చెక్కించి, బుధవారం రిపేరులో స్టేషన్ లోపలి మనిషి ఒకడి చేత బిగించాలని ప్లాను. ఆ లోపలి మనిషి ఎవరో తెలియదు. రెయిడ్ చేస్తే వాడు చేజారిపోతాడు. మెషీన్ దానంతట అదే చెడిపోయినట్టుండాలి. అప్పుడు హౌసింగ్ బుధవారానికి అందదని చెప్పడానికి విక్టర్ వాడికి ఫోన్ చెయ్యక తప్పదు, ఫోన్లు మనవాళ్ళు వింటూనే ఉంటారు.

"అక్కడ స్వర్ణ కూడా ఉంది" అన్నాడు కామాక్షయ్య, చివర్లో.

స్వర్ణ పెంచల్ భార్య. ఇదే డిపార్ట్‌మెంట్ ఏజెంటు. రెండేళ్ళ కిందట ఒక సీక్రెట్ ఫైలుతో మాయమై శత్రువుల పక్షాన తేలింది. ఈ రెండేళ్ళూ పెంచల్ ఆమెను తిట్టని రోజు లేదు. తిట్టి, ఏడవని రోజూ లేదు.

"ఆమె నిజంగా వాళ్ళ మనిషేనా సార్?"

"ఫైల్లో అలాగే ఉంది."

మంగళవారం, జయరామయ్య పిలిపించిన మెకానిక్‌కు ఉన్నట్టుండి జ్వరం వచ్చింది. అతని బదులు ఖాకీ చొక్కా, బుగ్గన కిళ్ళీ, జేబులో టెస్టరుతో పెంచల్ దిగాడు. చేతిలోని మల్టీమీటర్ మామూలుది కాదు. దాని నాబ్ చివరిదాకా తిప్పితే, రెండు కిలోమీటర్ల అవతల ఐసు వ్యానులో కూర్చున్న కమాండోలకు సిగ్నల్ పోతుంది. నాలుగు నిమిషాల్లో వచ్చేస్తారు.

షెడ్డులో విక్టర్ పక్కన దుబాసీగా నిలబడి ఉంది స్వర్ణ. చిలకపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. చిక్కిపోయింది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టు అతన్ని ఒకసారి చూసి తల తిప్పుకుంది. పెంచల్ స్క్రూడ్రైవర్ తీశాడు.

ఆ మెషీన్‌లో కట్టర్‌ను తిప్పే స్పిండిల్ నిమిషానికి ఇరవై నాలుగు వేల చుట్లు తిరిగే రకం. దానికి నాలుగు వందల హెర్ట్జ్ కావాలి. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్‌లో, బేస్ ఫ్రీక్వెన్సీ అనే చోట నాలుగు వందలు పెడితే, వేగంతోపాటే వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. యాభై పెడితే, స్పిండిల్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగానే పూర్తి వోల్టేజీ మీద పడి వైండింగ్ మాడిపోతుంది. కోట చుట్టుపక్కల మెకానిక్కులు బతుకంతా ఏరియేటర్ల డ్రైవులే బిగిస్తారు. అవన్నీ యాభై మీదే నడుస్తాయి. చెయ్యి దానంతట అదే యాభైకి పోతుంది. ఈ గడ్డమీద ఎవడైనా చేసే తప్పే అది.

పెంచల్ యాభై పెట్టాడు. కరెంటు మితిమీరితే ఆపేసే ఓవర్‌లోడ్ ట్రిప్ కూడా పైకి జరిపి మూత బిగించాడు.

విక్టర్ బటన్ మీదికి చెయ్యి చాపాడు. జయరామయ్య తల్లి ఆదిశేషమ్మ అడ్డం వచ్చింది. అప్పటికే మెషీన్‌కు కుంకుమ పెట్టి, కింద నిమ్మకాయ ఉంచింది.

"కొత్త మిషనుకి ముందు ముత్తైదువ చెయ్యి పడాల. మా కోడలు పురిటికి పోయుండాది. నువ్వు రా తల్లీ" అని స్వర్ణను పిలిచింది.

స్వర్ణ ముందుకొచ్చింది. ఆమె మెడలో తాళి పెంచల్ కట్టినదే. వేషం కోసం వేసుకుని ఉంటుందిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఆమె వెంటనే బటన్ నొక్కలేదు. డ్రైవ్ మీద బాణం గుర్తు నొక్కుతూ సెట్టింగులు ఒక్కొక్కటే చూసింది. ట్రెయినింగ్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని ఆ పని నేర్పింది పెంచలే. రన్ చేసే ముందు బేస్ ఫ్రీక్వెన్సీ చూడు, తర్వాతే దేవుణ్ణి తలుచుకో అనేవాడు. అలా నేర్పుతూనే ప్రేమలో పడ్డాడు.

యాభై దగ్గర ఆమె వేలు ఆగింది. ఒక్క మాట చాలు, పెంచల్ కూడా రొయ్యల గుంటలో తేలతాడు.

స్వర్ణ ఆకుపచ్చ బటన్ నొక్కింది.

స్పిండిల్ గుర్రుమంది. వేడి, వాసన, పొగ. కట్టర్ లోహాన్ని తాకడానికి వెంట్రుకవాసి దూరంలో అంతా ఆగిపోయింది. విక్టర్ పిస్టల్ తీసి పెంచల్ కణతకు ఆనించాడు. అందరికీ యాభయ్యే కదా సార్ పెట్టేదని పెంచల్ మొత్తుకున్నాడు. విక్టర్ నమ్మలేదు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసింది.

"యాభై పెట్టమన్నది నేను. అతనికేం తెలుసు?" అంది స్వర్ణ.

అదే మాట ఇంగ్లీషులోనూ చెప్పింది. విక్టర్ ఆమె వైపు తిరిగాడు. తర్వాత పిస్టల్ దించి, ఆమె చెయ్యి పట్టుకుని జీపు వైపు నడిచాడు.

పెంచల్ వేళ్ళు మల్టీమీటర్ నాబ్ మీదున్నాయి. తిప్పితే కమాండోలు వచ్చి ఆమెను ఆపుతారు, లోపలి మనిషి తప్పించుకుంటాడు. వాళ్ళ మనిషేగా, నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తారు అనుకున్నాడు. పాత ప్రేమ కొద్దీ నన్ను కాపాడింది, అంతకు మించి ఏమీ లేదనుకున్నాడు. తిప్పలేదు. జీపు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి విక్టర్ ఫోన్ చేశాడు. రాడార్ స్టేషన్‌లో ఆ ఫోన్ ఎత్తినవాడు దొరికాడు. బుధవారం నడిసముద్రంలో పడవ మీద విక్టర్, ఇంకో ముగ్గురు దొరికారు. పడవలో స్వర్ణ లేదు. గురువారం పొద్దున కొత్తపట్నం ఒడ్డుకు ఆమె శవం కొట్టుకొచ్చింది.

"ఆమె మన మనిషే" అన్నాడు కామాక్షయ్య. "ఫైలు ఎత్తుకుపోవడం కూడా నా ప్లానే. నీకు చెప్పలేదు."

"చెప్పుంటే నేను నాబ్ తిప్పేవాణ్ణి సార్."

"అందుకే చెప్పలేదు" అన్నాడు చీఫ్. ఆయన కూడా ఏడుస్తున్నాడు. పెంచల్‌కు ఆయన్ని కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యి లేవలేదు.

మెకానిక్ వేషానికి ముగింపు పలకాలి కాబట్టి, మర్నాడు సామాన్లు తెచ్చుకోవడానికి వర్క్‌షాపుకు వెళ్ళాడు. మెషీన్ కాల్చినందుకు జయరామయ్య కసిదీరా తిట్టాడు. పెంచల్ తలొంచుకుని పడ్డాడు. వచ్చేస్తుంటే ఆదిశేషమ్మ గేటు దాకా వెంట వచ్చింది.

"ఆ బిడ్డ మొగుడు దుబాయిలో ఉండాడంట నాయనా. మంచోడు, నామీద ప్రాణం అని నాతో చెప్పుకున్నింది. నువ్వు నాలుగూళ్ళు తిరిగేవోడివి కదా. ఎట్టన్నా ఆ పిల్లోడికి ఈ చావు కబురు పెట్టు."

కబురు అందిందమ్మా అన్నాడు పెంచల్. ఆ ఊళ్ళో అడుగుపెట్టాక అతను చెప్పిన మొదటి నిజం అదే.