క్లైడ్ నార్త్‌లో చెప్పులు తిప్పే ఇల్లు

ఈ పరాయి దేశపు శివారు క్లైడ్ నార్త్‌లో మా వీధి మూల మీదున్న అద్దె ఇంటి పేరెత్తితే మనవాళ్ళు గొంతు తగ్గిస్తారు. గుమ్మం ముందు చెప్పులు విప్పి లోపలికెళ్తామా... తిరిగొచ్చేసరికి అవి వీధి వైపు తిరిగి ఉంటాయి! అంటే ఏంటి? "వచ్చిన దారినే పో" అని.

తెల్లవాళ్ళకి మాత్రం ఏమీ కాదు. వాళ్ళు బూట్లు విప్పితే కదా! అంచేత దెయ్యం తెలుగువాళ్ళనే పట్టిందని తేల్చారు. రెండు కుటుంబాలు లీజు మధ్యలోనే సామాను సర్దుకుని పోయాయి.

ఇందులో సగం నా స్నేహితురాలు సింధుజ చెప్పింది. చివరిది నేను కళ్ళారా చూసింది.

సింధుజకి అప్పుడు ఏడో నెల. ఉంటున్న ఇల్లు ఓనర్ అమ్మేశాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. ఎన్ని ఇళ్ళకి అప్లై చేసినా దొరికింది ఇదొక్కటే. అత్తగారు కళావతి మాత్రం "కడుపుతో ఉన్న పిల్లని ఆ కొంపలోకా? నా ప్రాణం ఉండగా జరగదు" అని భీష్మించుకు కూర్చుంది.

అప్పుడు రంగంలోకి దిగారు, ఇక్కడి మనవాళ్ళందరికీ పెద్దమనిషి విజయభాస్కర్ గారు. ఈయన జపాన్‌లో పది రోజులు తిరిగొచ్చారు. ఇక చూడండి! మనవాళ్ళందరం వెళ్ళే కేరమ్ డౌన్స్ గుళ్ళో ఎవరు కనపడ్డా నడుం సగానికి వంచడం, ప్రసాదం పులిహోర పుల్లలతో తినడం. "జపాన్‌లో ట్రైను అర నిమిషం లేటైతే క్షమాపణ చెప్తారమ్మా" అని మనకి చెప్పేది గంట ఆలస్యంగా వచ్చి.

"దెయ్యమా? సింపుల్ చెల్లెమ్మా! నేను చెక్ చేసొస్తా," అన్నారు. ఆయన సరేనంటే తనకీ సరేనంది కళావతి.

ఈ దక్షిణపు దేశంలో జులై అంటే నడి చలికాలం. సాయంత్రం ఆఫీసులు వదిలేసరికే చీకటి. ఏజెంట్ తాళంతో ఒక్కరే వెళ్ళారు. టోక్యోలో కొన్న కొత్త బూట్లు గుమ్మం ముందు విప్పారు. లోపల కరెంటు లేదు. ఫోన్ లైటు... ఖాళీ హాలు... పాత కార్పెట్ వాసన...

సరక్.

ఊపిరి బిగబట్టారు. బయట — మెత్తగా ఒక అడుగు... ఇంకో అడుగు... మళ్ళీ సరక్.

"ఎ... ఎవరూ?"

మెల్లగా తలుపు తీశారు. బూట్లు రెండూ వీధి వైపు తిరిగి ఉన్నాయి!

"ఓరి నాయనో!" అన్న కేక మా వంటింట్లోకి వినపడింది. వేలికో తొడుగున్న జపాన్ సాక్సులతో తడి గడ్డి మీద పడుతూ లేస్తూ పరిగెత్తారాయన. బూట్లు అక్కడే.

"ఇక ఆ ఇంటి మాటెత్తకండి," అంది కళావతి. సింధుజ మొగుడు దీక్షిత్ తల్లికి ఎదురు చెప్పే రకం కాదు. సింధుజకి ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "బిడ్డని కార్లో కనమంటారా?" అని తాళం లాక్కుని తనే వెళ్ళింది.

చెప్పులు విప్పి, లోపలికెళ్ళి, తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది. సరక్... పాలిపోయిన చెయ్యొకటి చెప్పుల మీదికి వంగింది...

తలుపు లాగేసింది. ఎదురుగా పక్కింటి ముసలావిడ, మోకాళ్ళ మీద కూర్చుని. పేరు మిచికో, జపాన్ మనిషి. ఇన్నాళ్ళూ మనవాళ్ళెవరూ ఆవిణ్ణి పలకరించింది లేదు. గరాజ్ తలుపు లేవడం, దిగడం... అదే కదా ఇక్కడ మన ఇరుగుపొరుగు!

"సారీ," అని గొణిగిందావిడ. "మా దేశంలో అతిథులు విప్పిన చెప్పులు ఇంటివాళ్ళు తిప్పి పెడతారు, వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి సులువని. ఈ ఇంట్లో నా స్నేహితురాలు హరుకో ఉండేది. చనిపోయింది. వచ్చినవాళ్ళకి మర్యాద చేసేవాళ్ళు లేరని... నేనే..."

సింధుజ ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేసింది. ఇల్లు ఖాయమైంది.

విజయభాస్కర్ గారేమన్నారో తెలుసా? "నాకు ముందే తెలుసమ్మా! జపాన్‌లో ప్రతి ఇంట్లో ఇదే పద్ధతి."

"మరి బూట్లొదిలేసి పరిగెత్తారేం అన్నయ్యగారూ?" అంది కళావతి.

"అదా... ఆ టైముకి రోజూ జాగింగ్ చేస్తానమ్మా."

పాలు పొంగించిన రోజు వీధి వీధంతా వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు గుట్టలు పడ్డాయి. మిచికో గారు పొద్దుటి నుంచీ వంటింట్లోనే, కళావతి దగ్గర గారెలు వెయ్యడం నేర్చుకుంటూ. బయట అడుగు పెట్టలేదు. నేను పక్కనే ఉన్నాను కదా!

భోజనాలయ్యాక తలుపు తీశాం.

చెప్పులన్నీ... జతలు జతలుగా... వీధి వైపు తిరిగి, వరసలు తీరి ఉన్నాయి.

అందరం మిచికో గారి వైపు చూశాం. ఆవిడ కళ్ళు తుడుచుకుని మెల్లగా అంది — "నేనింత తిన్నగా పెట్టలేను. అది హరుకోకే చేతనవును."

విజయభాస్కర్ గారు ఈసారి బూట్లు తొడుక్కునే పరిగెత్తారు. తిప్పి ఉన్నాయి కదా, సులువైంది.