విత్ ఎవరికి తగులుకుంది?

“షూట్ ద మ్యాన్ విత్ ద కెమెరా.”

రెండేళ్ల కిందట ఏన్కూరులో పట్టుబడ్డ ఆ కోడ్ మెసేజ్ ఏజెంట్ అక్సాను ఇంకా వదల్లేదు. కెమెరా ఉన్న మనిషిని చంపుతారనుకుని ఫోటోగ్రాఫర్ చుట్టూ కాపలా పెట్టింది. తుపాకీ ఆ కెమెరాలోనే ఉంది. ఎదురుగా నిలబడ్డ ఆమె పార్ట్‌నర్ జయరాజ్ అక్కడికక్కడే పోయాడు. ఏజెంట్ కాకముందు పెనుబల్లిలో ఇంగ్లీష్ ట్యూషన్లు చెప్పుకున్న మనిషి! అప్పటి నుంచి ఏ ఇంగ్లీష్ వాక్యం చదివినా చెవి పక్కనే అతని గొంతు: “ఏంది అక్సా, గంత తొందర? ముందుగాల విత్ ఎవరికి తగులుకుందో చూడు.”

ఇవాళ మళ్లీ విత్. పాల్వంచ దాటాక, మంచు వీడని అడవి అంచున, గెస్ట్‌హౌస్‌లో ఓ ఇంజనీర్ రిటైర్మెంట్ సన్మానం. ఇయర్‌పీస్‌లో చీఫ్ వెంకటరామారావు బ్రీఫింగ్.

“విదేశీ ముఠా మెసేజ్. మన డబుల్ ఏజెంట్ ఏంజెల్ పంపింది. కిల్ ద ఇంజనీర్ విత్ ద గార్లండ్. దండ ఉన్నది రిటైరవుతున్న ఇంజనీర్ బాలకృష్ణ మెడలోనే. టీమ్ మొత్తం ఆయన చుట్టే ఉంది. నువ్వూ జల్దీ పో!”

కేటరింగ్ మనిషి వేషంలో అక్సా చాయ్ ట్రేతో కదిలింది. భయంగానే ఉంది, దాపరికం దేనికి?

“దండ ఉన్న ఇంజనీర్ని చంపుడా, ఇంజనీర్ని దండతోని చంపుడా?” జయరాజ్ గొంతు. “తెలుగులో అయితే ముందే తేలిపోతది. గీ ఇంగ్లీష్‌ల నువ్వే తేల్చాలె.”

అక్సా వేదిక రెండో కొసకు చూసింది. పవర్ గ్రిడ్ పాస్‌వర్డ్ తెలిసిన కుర్ర ఇంజనీర్ హేమ్లా ఒక్కడే నిలబడ్డాడు. ఎర్ర పట్టుచీరలో మెరిసిపోతూ ఏంజెల్ అతని ముందుకొచ్చింది. చేతిలో బంతిపూల దండ. చేతులకు గ్లౌజులు! ఓరి దేవుడా, పూలు పట్టుకోవడానికి గ్లౌజులెందుకు?

“హేమ్లా సార్, దండ ఏసుకోకుండ్రి!”

ట్రే గాల్లోకి లేచింది. వేడి చాయ్ ఏంజెల్ చేతుల మీద పడింది. హేమ్లా మెడకు జానెడు దూరంలో దండ జారి కింద పడింది. పూల మధ్య విషపు సూది తళుక్కుమంది.

“నేను అబద్ధం పంపలేదు,” పళ్లు నూరింది ఏంజెల్. “నీకు గ్రామర్ రాదన్నరే!”

“అవ్, రాకుండె. సచ్చినోడు నేర్పిండు,” అంది అక్సా.

ఫోన్ మోగింది. చీఫ్ మెసేజ్: “బ్రింగ్ ద ఉమన్ విత్ ద హ్యాండ్‌కఫ్స్.”

బేడీలున్న మనిషిని తేవాలా, మనిషిని బేడీలతో తేవాలా? అక్సా ఏంజెల్ చేతులకు బేడీలు బిగించింది.

“ఇగ ఎట్ల చదివినా ఒక్కటే, జయరాజ్.”

రెండేళ్లలో మొదటిసారి, అతను ఏ తప్పూ దిద్దలేదు.