లాభం లేని లెక్క

అసైన్‌మెంట్ అందేసరికి ఏజెంట్ కలీం గుంటూరు యార్డులో మిర్చి బస్తాల మధ్య నిలబడి తుమ్ముతున్నాడు. దళారీ వేషం కట్టి వారమైంది. మోకాలు నొప్పి. జేబులో పిస్టల్ పెన్ను. అది ఒక గుండు పేలుస్తుంది గానీ ఒక్క అక్షరం రాయదు. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా పక్కవాణ్ని పెన్ను అడుక్కోవలసిందే.

సెల్‌ఫోన్ మోగింది. చీఫ్ ఖుర్షిదా.

"ముబీన్ ఆ ముఠాకి దొరికిపోయాడు కలీం గారూ. సాయంత్రం వాడరేవులో పడవెక్కించి దేశం దాటిస్తారు. ఇప్పుడు ఎక్కడ దాచారో వాళ్ళ వైర్‌లెస్ మెసేజ్‌లో ఉంది. నల్లపాడులో మన కంప్యూటర్ ఆ కోడ్ విప్పుతూ విప్పుతూ వేడెక్కి ఆగిపోతోంది. మళ్ళీ మొదటికొస్తోంది."

"సర్వీస్ ఇంజనీర్‌ని పంపండి మేడమ్."

"ఇది లోపలివాళ్ళ పనేమోనని నా అనుమానం. మీరే వెళ్ళాలి."

ముబీన్, కలీం పదేళ్ళుగా జోడీ. ఒకే కంచంలో తిన్న మనుషులు. వాడు పడవెక్కితే ఇక తిరిగి రాడు. ఒంట్లో ఓపిక లేకపోయినా కలీం ఆటో ఎక్కాడు.

నల్లపాడులోని ఆ రహస్య ఆఫీసు బయటివాళ్ళకి కోల్డ్ స్టోరేజీ.

"ఈసారి తాలు ఎక్కువా?" అంది తలుపు వెనక గొంతు.

"ఎండ ఎక్కువ," అన్నాడు కలీం. పాస్‌వర్డే అయినా అక్షరాలా నిజం.

తలుపు తీసినవాడు ఆపరేటర్ పానకాలు. లోపల కోడ్ ఎనలిస్ట్ రాజేశ్వరి కూర్చుని ఉంది. నల్ల కళ్ళజోడు, ఎర్రటి గోళ్ళు, మిర్చి ఘాటును కూడా ఓడించే సెంటు. ఆమె అందాన్ని మెచ్చుకునే వయసు కలీంకి దాటిపోలేదు గానీ, తీరిక మాత్రం దాటిపోయింది.

కంప్యూటర్‌లో రెండు ప్రాసెసర్లు. దేని వేడి దానికి చెప్పడానికి చెరొక సెన్సర్. ఏ సెన్సర్ పేరేమిటో కాన్ఫిగరేషన్ ఫైలులో రాస్తే తెరమీద ఆ లేబుల్ కనిపిస్తుంది. పానకాలు పెట్టె మూత తీసేసి, ఏది వేడెక్కిందని తెర చెబితే దాని మీదికి టేబుల్ ఫ్యాన్ తిప్పుతున్నాడు.

తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పేర్లు: ఒకటి, రెండు. 'ఒకటి' చల్లగా ఉంది. 'రెండు' ఎనభై ఎనిమిది డిగ్రీలు.

"తొంభై అయిదు దాటితే మళ్ళీ ఆగిపోద్దండి," అన్నాడు పానకాలు. "ఫ్యాను రెండోదాని మీదే పెట్టా. అయినా తగ్గట్లా."

"లేబుళ్ళు నువ్వే పెట్టావా?"

"నేనేనండి. కానీ మొన్న మేడమ్ గారు తప్పులున్నాయని సరిచేశారు."

"ఏం తప్పు?"

"మొదటిదానికి లాభం అని పెట్టానండి. ఆవిడ ఒకటి అని మార్చారు."

రాజేశ్వరి నవ్వింది. "లాభం అని లేబులేమిటండీ? ఎవరైనా చూస్తే నవ్వరూ?"

కలీం నవ్వలేదు. "ఉద్యోగంలో చేరినప్పుడు మీ నాన్నగారిది పిడుగురాళ్ళలో ధాన్యం కొట్టు అన్నారు కదూ?"

"అవును. ఆ కొట్లోనే పెరిగాను."

"కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఏమనేవారు?"

"ఒకటి. ఇంకేమంటారు?"

పానకాలు తెల్లబోయాడు. "అదేంటి మేడమ్! ధాన్యం కొలిచేవాడు ఒకటి అంటాడా? శుభమని లాభం, రెండు, మూడు... అట్టాగే గదా!"

కలీం వేలితో ప్రాసెసర్లను తాకి చూశాడు. రెండోది చల్లగా ఉంది. మొదటిది చురుక్కుమంది. ఆ మహాతల్లి పేరు సరిచేసే వంకతో లేబుళ్ళను తారుమారు చేసింది. పాపం పానకాలు మొన్నటినుంచీ చల్లటిదానికే గాలి కొడుతున్నాడు.

"ఫ్యాన్ ముట్టుకుంటే కాల్చేస్తాను," అంది రాజేశ్వరి. చేతిలో చిన్న పిస్టల్. గొంతులో గుంటూరు యాస ఎగిరిపోయింది.

తెరమీద తొంభై మూడు.

"తెలుగు బాగా నేర్పారమ్మా మీ వాళ్ళు," అన్నాడు కలీం నీరసంగా. "కొట్లో కూర్చోబెట్టడం ఒక్కటే మరిచారు." జేబులోంచి పెన్ను తీసి నొక్కాడు. గుండు తగిలి ఆమె పిస్టల్ ఎగిరి గోడకు కొట్టుకుంది.

"తిప్పరా ఫ్యాను!"

తొంభై నాలుగు. పానకాలు ఫ్యాన్ మొదటిదాని మీదికి తోసి, రాజేశ్వరి చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. అంకె అక్కడే నిలబడింది. తొంభై రెండు. ఎనభై అయిదు. కాసేపటికి తెరమీద ఒక్క లైను తేలింది: పర్చూరు, మూతపడ్డ జిన్నింగ్ మిల్లు.

ఖుర్షిదా మనుషులు పొద్దు వాలకముందే మిల్లు చుట్టుముట్టారు. కలీం ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. చివరికి మోగింది.

"కలీం భాయ్! నేనే, ముబీన్‌ని."

కలీం గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగింది. "అన్నం తిన్నావురా?" అన్నాడు.

"అన్నమా! పట్టుకున్న కాడ్నుంచీ మూడు పూటలా బ్రెడ్డు ముక్కలే పెట్టారు భాయ్. పచ్చడి అడిగితే జామ్ ఇచ్చారు."

"అయితే అనుమానం లేదు," అన్నాడు కలీం, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటూ. "విదేశీ ముఠాయే."